నీళ్ల కంటే ముందు మట్టి

జూన్ వచ్చిందంటే పేపర్ల నిండా మొక్కలు నాటే ఫొటోలే. ఐదో తేదీన పర్యావరణ దినోత్సవం, జూలై మొదటి వారంలో వనమహోత్సవం. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పండుగ అది. డెబ్బై ఏళ్లు దాటిపోయాయి, ఏటా నాటుతూనే ఉన్నాం. నాటిన మొక్క వేరు ఎక్కడికి పోవాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మా అనంతపురంలో కొత్తగా లేచిన కాలనీలు చూడండి. గేటు దగ్గర మొదలైన గచ్చు వెనక ప్రహరీని తాకితే గానీ ఆగదు. పోర్టికోలో నాలుగు ప్లాస్టిక్ కుండీలు, వాటిలో పూయని, కాయని ఆకుమొక్కలు. ఎందుకిలా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "అనంతపురంలో తోటకు నీళ్లెక్కడివి మేడమ్?"

మా నాయన ఉంటే ఈ జవాబుకు ఒప్పుకునేవాడు కాదు. "నీళ్లు లేక కాదు పాపా, మన్ను లేక" అనేవాడు. మన్నంటూ ఉంటే నీళ్లు ఎట్లో ఒకట్ల వస్తాయి, మన్ను లేకుంటే వచ్చిన నీళ్లూ పోతాయి అన్నది ఆయన లెక్క. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. ఆ లెక్క సరైనదేనని పుస్తకాలు చూసి కూడా చెప్పగలను. కానీ నేను నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, ఆయన పెరట్లో.

నాయన ఆర్టీసీలో కండక్టరు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు ఇంకా రాని రోజులు. చంకలో తోలు సంచి, చేతిలో టికెట్ల పెట్టె, వేళ్ల మధ్య పంచ్. పల్లెల్లో నైట్‌హాల్ట్ డ్యూటీ అంటే తోటివాళ్లు తప్పించుకోవాలని చూసేవాళ్లు. దోమలు, చలి, బస్సు సీట్ల మీద నిద్ర. నాయన మాత్రం అడిగి మరీ వేయించుకునేవాడు. రాత్రి బస్సు ఆగిన ఊళ్లో తెల్లవారుజామునే లేచి, బావి కాడికి ముఖం కడుక్కోవడానికి పోయి, దారిలో ఎవరి వాకిట్లో ఏ చెట్టుందో చూసుకుని వచ్చేవాడు. ఫస్ట్ ట్రిప్పు బయల్దేరే లోపల ఆ ఇంటి ముందు నిలబడి "ఏమ్మా, ఈ చెట్టు కొమ్మ ఒకటి ఇస్తావా?" అని అడిగేవాడు. కాకీ చొక్కా వేసుకున్న మనిషి పొద్దున్నే వాకిట్లో నిలబడి కొమ్మ అడిగితే కాదనేవాళ్లు ఎవరు?

అలా మా పెరడు జిల్లా అంతటినీ కలుపుకుంది. మల్లె కదిరిది. మల్బరీ కొమ్మ హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే ఒక రైతు ఇంటిది. దాని పండ్లు తిని మేము బడికి పోతే తెల్ల చొక్కాల మీద మరకలు చూసి టీచర్లు తిట్టేవాళ్లు. దానిమ్మ కళ్యాణదుర్గం దారిది. సీతాఫలం గింజలు ముదిగుబ్బ దగ్గర గుట్టల కింద ఒక అవ్వ ఇచ్చినవి. రొళ్ల నుంచి ఒకసారి వక్క మొక్క తెచ్చాడు. మడకశిర వైపు వక్కతోటలు ఉన్నాయి గానీ మా టౌను ఎండకు అది ఒక్క వేసవి కూడా నిలవలేదు. నాయన దిగులుపడలేదు. "అది దాని ఊర్లోనే బతుకుతుంది. మనం బలవంతం చేస్తే ఎట్ల?" అని ఆ గుంతలోనే కరివేపాకు పిలక పెట్టాడు.

తాడిపత్రి వైపు నుంచి చీనీ (బత్తాయి) అంటు తెచ్చిన రోజు సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. తడి గోనెపట్టాలో చుట్టిన మొక్కను డ్రైవరు సీటు వెనక నిలబెట్టాడట. మధ్యలో చెకింగ్ స్క్వాడ్ ఎక్కింది. "ఇదెవరిది?" అని అడిగితే నాయన జేబులో నుంచి లగేజీ టికెట్టు తీసి చూపించాడు. తన మొక్కకు తానే టికెట్టు కొట్టుకుని డబ్బు సంచిలో వేశాడు. వచ్చినాయన ఆ టికెట్టును రెండు వైపులా తిప్పి చూసి, ఏమీ రాయకుండా దిగిపోయాడట. ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే అమ్మ అంది: "జనాల్ని మోసేదానికి జీతమిస్తారు. చెట్లను మోసేదానికి నువ్వు ఎదురు కట్టినావా?"

అమ్మకు ఆ మాట అనే హక్కుంది. చెట్టు నాయన తెచ్చేవాడు, నీళ్లు అమ్మ పోసేది. ఆయన మూడు రోజులకోసారి ఇల్లు చేరితే ఆ మూడు రోజులూ పెరటికి దిక్కు ఆమే. మగవాళ్ల తోటల గురించి పిల్లలు గొప్పగా చెప్పుకునేటప్పుడు బిందెలు మోసిన చేతులు కనపడకుండా పోతాయి. మా ఇంట్లో ఆ లెక్క తేలాకే తోటకు ఒక పద్ధతి వచ్చింది. "మంచినీళ్ల బిందె ఒక్కటి కూడా చెట్లకు పోయను. పొయ్యమని నువ్వు అడగొద్దు" అని అమ్మ ఒకనాడు తెగేసి చెప్పింది. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే ఊళ్లో అది న్యాయమైన మాట. నాయన కాదనలేదు. ఇంట్లో వాడేసిన నీళ్లన్నీ ఎటు పోతున్నాయో చూడ్డం మొదలుపెట్టాడు.

మా బండల మిద్దె వెనక బట్టలుతికే తాడిపత్రి బండ ఉండేది. దాని పక్క నుంచి చిన్న కాలువ తీసి అరటి, మెట్టతామర, చేమ పెట్టాడు. సబ్బునీళ్లకు అవి తట్టుకుంటాయి. ఆకుకూరల మడికి ఆ నీళ్లు పోనిచ్చేవాడు కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు వాటికి. పులిసిన మజ్జిగ కరివేపాకుకు. స్నానాల గది నీళ్లు గులకరాళ్లు పోసిన గుంతలో దిగి దానిమ్మ పాదుకు చేరేవి. పాత మట్టి కడవలు పారేయనిచ్చేవాడు కాదు. కొత్త మొక్క పక్కన కడవను మెడ దాకా పాతి, నింపి, మూత పెట్టేవాడు. మట్టి కుండ గోడలోంచి నీళ్లు ఊరుతూ వేరు ఉన్నచోటుకే పోతాయి. పైన ఎండకు ఆవిరయ్యేది ఏమీ ఉండదు. బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే డ్రిప్ పైపులు ఈ జిల్లా చీనీతోటల్లోకి రాకముందే ఆ పని మా ఇంట్లో పాత కడవలు చేశాయి.

ఎరువు సంగతీ అంతే. వేరుశనగ పండే జిల్లా కాబట్టి గానుగల దగ్గర చెక్క దొరికేది. దాన్ని తొట్టిలో నానబెట్టి, నాలుగు రోజులు పులియబెట్టి, పదింతల నీళ్లు కలిపి పోసేవాడు. ఆ వాసనకు ఆ రోజు మా ఇంటికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మల్లెకు మాత్రం ఆయన మర్యాద వేరు. చలికాలంలో నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకంతా దూసేసేవాడు. చూస్తే చెట్టు చచ్చిపోయిందనిపించేది. "బిడ్డను కడుపు మాడ్చినట్లు మాడుస్తాండావు" అని అమ్మ గొణిగేది. శివరాత్రి దాటి ఎరువేసి నీళ్లు పెట్టగానే చిగురుతో పాటు మొగ్గ తోసుకొచ్చేది. ఆ వేసవంతా మా వీధి ఆడవాళ్లు సాయంత్రం గిన్నెలు పట్టుకుని మా గేటు దగ్గరే ఉండేవాళ్లు.

యూనియన్ వాళ్లిచ్చే డైరీలో నాయన ఖర్చులు రాసేవాడు కాదు, చెట్లు రాసేవాడు. తేదీ, సర్వీసు, ఊరు, ఎవరిచ్చారు. పేర్లు తెలియని చోట "బావి కాడి అవ్వ", "సోడాల అంగడి మనిషి", "స్కూలు సారు ఇల్లు" అని ఉండేది. పక్కనే "బతికింది" అనో "లేదు" అనో ఇంకో రంగు ఇంకుతో. ఆ ఊరికి మళ్లీ డ్యూటీ పడినప్పుడు ఖాళీ చేతులతో పోయేవాడు కాదు. మిరప నారో, కరివేపాకు పిలకో, చిక్కుడు గింజలో తీసుకుపోయేవాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెడుతూనే "సారూ, మా దానిమ్మ బతికిందా?" అని అడిగే ప్యాసింజర్లు ఉండేవాళ్లు. వాళ్లు టికెట్టుకిచ్చిన చిల్లర లెక్కపెడుతూనే ఆయన చెట్టు క్షేమం చెప్పేవాడు.

ఆయన పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది మాకు తెలియదు. ఏ ఊరు అని అడిగితే చెప్పేవాళ్లు. ఆ ఊరి చెట్టు పెరట్లో ఎక్కడుందో మేం చూపించేవాళ్లం. మాట్లాడుకోవడానికి ఇంకేం కావాలి?

ఒక గొడవ గురించి కూడా చెప్పాలి. మా పక్క ప్రహరీకి ఆనుకుని మునగచెట్టు ఉండేది. మునగకు పట్టే గొంగళి పురుగు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. పగలంతా మానుకు గుంపుగా అంటుకుని ఉంటుంది, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. ఒక ఏడు అవి గోడ దిగి పక్కింటికి పోయాయి. వాళ్ల పిల్లవాడు ఏడ్చుకుంటూ వచ్చాడు. కాయలు మాత్రం వాళ్లూ కోసుకుంటున్నారు కదా అని మేం వాదించబోతే నాయన ఆపాడు. "చెట్టు మనది, పురుగు వాళ్లది అంటే న్యాయమా?" అన్నాడు. మరుసటి రోజు తానే నరికి, ఒక లావు కొమ్మను తీసుకుపోయి ఇళ్లకు దూరంగా డిపో ఆవరణలో ఓ మూల పాతాడు. తోట మీద ప్రేమంటే ప్రతి చెట్టునూ పట్టుకుని వేలాడటం కాదని ఆయన చేసి చూపించాడు. ఏ చెట్టు ఎక్కడుండాలో తెలియడం కూడా ప్రేమలో భాగమే.

ఎండాకాలం సెలవుల్లో ఆయన మమ్మల్ని తిమ్మమ్మ మర్రిమాను చూపించడానికి కదిరి మీదుగా తీసుకుపోయాడు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న ఆ ఒక్క చెట్టు ప్రపంచంలోనే పెద్ద మర్రిగా 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. సతి తిమ్మమ్మ కథ, గుడి, మొక్కులు అన్నీ అక్కడి పూజారి చెప్పాడు. నాయన ఊడలన్నిటినీ చేత్తో తడుముతూ తిరిగి వచ్చి ఒక్క మాటే అన్నాడు: "చూసినారా, ఎవరూ కొట్టకుంటే చెట్టు ఇంతవుతుంది." రాయలసీమలో చెట్లు పెరగవు అనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇప్పటికీ అదే. ఆ మర్రికి ఎవరూ ట్యాంకరుతో నీళ్లు పోయలేదు. చోటు వదిలారు, అంతే.

ఇక ఆయన లెక్క దగ్గరికి వద్దాం. అనంతపురానికి సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. తక్కువే. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తుంది, ఈశాన్యం తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి నీరసిస్తుంది. కానీ తక్కువంటే ఎంత? ఒక సెంటు స్థలం 40 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. దాని మీద 550 మిల్లీమీటర్లు పడితే 22 వేల లీటర్లు. మూడు సెంట్ల ఇంటి స్థలం మీద ఏడాదికి 66 వేల లీటర్లు కురుస్తాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకరు లెక్కన పదమూడు ట్యాంకర్లు. ఇన్ని ట్యాంకర్ల నీళ్లు మన ఇంటి మీదే పడి, గచ్చు మీదుగా జారి, రోడ్డెక్కి, మురుగు కాలువలో కలుస్తున్నాయి. సెప్టెంబరులో ఒక గట్టి వాన పడితే వీధిలో మోకాలి లోతు నీళ్లు, మార్చి వస్తే బోరు ఎండిందని ఇంకో వంద అడుగులు దించడం. ఈ రెండు కష్టాలూ ఒకే గచ్చు నుంచి పుట్టినవని మనకు తోచడం లేదు.

ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ ఖాళీ వదలాలని నిబంధనలున్నాయి. సెట్‌బ్యాక్ అంటాం. గాలి, వెలుతురు రావడానికి ఆ ఖాళీ. దాంట్లో మట్టి కనపడాలని పట్టుబట్టినవాళ్లను మాత్రం నేను చూడలేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. వాననీటిని ఒడిసిపట్టాలని కూడా అది చెప్పింది. ఇంకుడు గుంత తవ్వడానికైనా ముందు గచ్చు లేని చోటు కావాలి కదా.

గచ్చు వేసుకునేవాళ్ల మాటలోనూ నిజముంది, దాన్ని కొట్టిపారేయను. రెండు సెంట్లలో ఇల్లు కట్టుకునే మనిషికి ప్రతి అడుగూ విలువైనదే. బండి పెట్టుకోవాలి, బట్టలారేసుకోవాలి. చీపురుతో ఊడ్చేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి, రాలిన ఆకు ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఆలోచించాలి. పాములొస్తాయని భయం, దోమలొస్తాయని భయం. గోడ పక్కన రావి మొలిస్తే పునాది కదులుతుంది, అదీ నిజమే. అందుకే ఎవరినీ తోట పెంచమని అడగడం లేదు. ప్రహరీ వెంట రెండడుగుల వెడల్పున మట్టి వదలమంటున్నాను. ఆ రెండడుగుల్లో కరివేపాకు, దానిమ్మ, నందివర్ధనం, మందారం హాయిగా బతుకుతాయి. గోడ మీదికి దొండపాదు ఎక్కుతుంది. వీటిలో ఏదీ పునాది జోలికి పోదు. దోమలు పెరిగేది నిలిచిన నీళ్లలో. మట్టి నీళ్లను నిలవనివ్వదు. కుండీల కింద పెట్టిన పళ్లేలలోనే అవి ఎక్కువ పెరుగుతాయి.

మా తమ్ముడు పాత మిద్దె తీసి కొత్త ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ కూడా అందరిలాగే అడిగాడు, చుట్టూ గచ్చు లాగించేద్దామా అని. తమ్ముడు ఊగిసలాడాడు. నిర్ణయం అమ్మ చేసింది. నాయన చెట్ల మీద ఇన్నేళ్లు విసుక్కున్న అమ్మ, వెనక వైపు మూరెడు సిమెంటు కూడా పడనివ్వలేదు. ఎందుకమ్మా అంటే ఆయన జ్ఞాపకం అనలేదు. "కరేపాకు కొనుక్కోవాల్నా ఈ వయసులో?" అంది. దానిమ్మ, మల్లె, కరివేపాకు ఇప్పటికీ ఆ పట్టీలోనే ఉన్నాయి. పక్కనే కొత్త ఇంటి వాననీళ్ల పైపు ఆ మట్టిలోకే దిగుతుంది.

ఈ వానాకాలం మొక్కలు పంచబోయే సంఘాలకు, కార్పొరేటర్లకు, బళ్లకు నా విన్నపం ఒకటే. మొక్క చేతిలో పెట్టే ముందు ఇంట్లో ఎక్కడ నాటుతారో అడగండి. ఆ చోట గచ్చు ఉంటే మొక్కకు బదులు గడ్డపార ఇవ్వండి. ఇంటి ప్లాను మంజూరు చేసే అధికారులు సెట్‌బ్యాక్‌లో కొంత భాగం మట్టిగానే ఉండాలని ఒక గీత గీయించండి. ఖజానాకు రూపాయి ఖర్చు కాదు. ఇల్లు కడుతున్నవాళ్లు గచ్చు కలిపే రోజున పని వదులుకుని అయినా అక్కడ ఉండండి, రెండడుగులు వదలమని మేస్త్రీకి మీరే చెప్పండి. ఇప్పటికే వేసేసినవాళ్లు గోడ వెంట ఒక వరుస బండలు లేపించండి. మొక్క కోసం నర్సరీకి పోనక్కర్లేదు. ఎవరి వాకిట్లోనైనా నచ్చిన చెట్టు కనపడితే నిలబడి ఒక కొమ్మ అడగండి. మన వాళ్లు కొమ్మ అడిగితే లేదనరు. మట్టి మాత్రం ఎవరూ ఇవ్వలేరు, దానికి చోటు మీరే వదలాలి.